టీబీ మందుల మధ్యలో కాల్షియం 11.8, మజ్జిగ కూడా మానాలా?

గోదారి_గట్టు: నాన్నకు ఊపిరితిత్తుల టీబీ. మందులు మొదలై ఐదు వారాలు. దగ్గు తగ్గింది కానీ ఒకటే దాహం, మలబద్ధకం, పిలిస్తే పరధ్యానం. రక్తంలో కాల్షియం 11.8 వచ్చింది, ఎక్కువేనట. వారానికోసారి వేసే 60,000 యూనిట్ల విటమిన్ డి3 సాచెట్ డాక్టర్ ఆపించారు, పాలు కూడా వద్దన్నారు. మజ్జిగ ఇవ్వొచ్చా?

ఉప్మా_వ్యతిరేకి: ఆ సాచెట్లే మా కొంప ముంచాయండీ. నీరసంగా ఉందని మెడికల్ షాపులో నేనే తెచ్చి అమ్మకు నాలుగు వారాలు వేశాను. విటమిన్ డిని చురుకైన రూపంలోకి మార్చడం మామూలుగా కిడ్నీ పని, ఎక్కడ ఆపాలో దానికి తెలుసు. టీబీ గడ్డల్లోని రక్షణ కణాలు కూడా ఆ పని మొదలుపెడతాయట, వాటికి ఆపడం తెలియదు.

ల్యాబ్_పదిహేనేళ్లు: ఆల్బుమిన్ (రక్తంలో కాల్షియాన్ని పట్టి ఉంచే ప్రోటీన్) చెప్పకుండా 11.8 అంటే సగం రిపోర్టే. చిక్కిపోయిన వాళ్లలో అది తక్కువుంటుంది. కాల్షియం 10.1, ఆల్బుమిన్ 2.5 అనుకోండి. 4కి తగ్గిన ఒక్కో గ్రాముకు 0.8 కలిపితే 11.3. ఆ 10.1 చూసి నార్మల్ అని పంపేసిన కేసులు ఎన్ని చూశానో!

జొన్నరొట్టె: ముందు రాగిజావ ఆపండి.

ఉప్మా_వ్యతిరేకి: రాగిజావ ఏం చేసిందండీ పాపం? అమ్మ 41 కిలోలుంది. ఆ కాస్తా మాన్పిస్తే?

జొన్నరొట్టె: 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం. చురుకైన డి ఎక్కువైతే పేగు దాన్ని మరీ లాగేస్తుంది. పప్పు, కోడికూర పెట్టండి, ఎవరొద్దన్నారు?

ఉప్మా_వ్యతిరేకి: ఫోన్ చేతిలో ఉంటే అందరూ డాక్టర్లే.

జొన్నరొట్టె: షాపులో సాచెట్ కొన్నది నేను కాదు.

బందరు_లడ్డు: టీబీ వాళ్లకు ప్రభుత్వం ఇచ్చే పోషణ డబ్బులు 2024 నవంబర్ నుంచి నెలకు 1,000 కదా, అందరికీ పడుతున్నాయా? ఆధార్ లింకు లేక మాకు ఆగాయి.

ల్యాబ్_పదిహేనేళ్లు: అది వేరే చోట అడగండి. పీటీహెచ్ (కాల్షియం పెంచే పారాథైరాయిడ్ హార్మోన్) పరీక్ష చేయించారా? టీబీ వల్లైతే తక్కువుండాలి. ఎక్కువుంటే పారాథైరాయిడ్ గ్రంథిని అనుమానించాలి.

నైట్‌డ్యూటీ: కాల్షియం భయంతో మా బావగారు టీబీ మాత్రలే మానేశారు, మళ్లీ దగ్గు తిరగబెట్టింది. అవి మాత్రం ఆపకండి. బీపీకి థయజైడ్ మాత్ర వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి, అదీ కాల్షియం పెంచుతుంది.

గోదారి_గట్టు: ఆల్బుమిన్ 3.1, పీటీహెచ్ తక్కువే. బీపీ మాత్ర అదేనట, మార్చారు. సెలైన్లు ఎక్కించాక మొన్న 10.9. నేనడిగింది మజ్జిగ సంగతండీ.

జొన్నరొట్టె: రాగిజావ ఆపారా లేదా?