అప్‌డేట్: కేకు కుంగలేదు, సూర్యలంక వెళ్లొచ్చాం

పోయిన వారం అడిగాను కదా, ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) అరటిపండు కేకు చేసిన ప్రతిసారీ నడుమ గుంట పడుతోంది, ఆదివారం మా ఆయనా నేనూ సముద్రానికి తీసుకెళ్లాలి, ఏం చెయ్యనని. మీ అందరి పుణ్యాన ఈసారి గట్టెక్కాను.

తప్పు నాదే. పొంగిందా లేదా అని 10 నిమిషాలకోసారి తలుపు తీసేదాన్ని. పైగా వంటసోడా ధారాళంగా వేసేదాన్ని. గబగబా పొంగి, లోపల ఉడక్కముందే చతికిలబడేది. ఈసారి కప్పున్నర మైదాకి అర చెంచాయే వేశా. నల్లమచ్చలు పడ్డ చక్కరకేళీలు మెదిపి, పిండిని ఎక్కువ తిప్పకుండా కలిపా. ఓటీజీ ముందే వేడిచేసి, 170 డిగ్రీల్లో పెట్టి 40 నిమిషాలు వంటింట్లోకే వెళ్లలేదు! తర్వాత చీపురుపుల్ల గుచ్చితే పొడిగా వచ్చింది. (కొత్త చీపురేనండీ, కంగారు పడకండి.)

క్రీమ్ వద్దన్న అక్కకి దండం. ఆ ఎండకి కారిపోయేదే.

తెల్లారకముందే గుంటూరులో బయల్దేరాం. పొన్నూరు, బాపట్ల మీదుగా సూర్యలంక. మా ఆయన సాయంత్రం వెళ్లి సముద్రంలో సూర్యాస్తమయం చూద్దామన్నారు. మనది తూర్పు తీరం మహానుభావా అని నేనే పొద్దున్నకి మార్చా. సరుగుడు చెట్ల నీడన ఫ్లాస్కులో టీ, కేకు ముక్కలు. ఫోన్లు కార్లోనే వదిలేశాం. ఇసుక కాస్త పంటికింద పడింది గానీ, ఇంటికొచ్చేసరికి డబ్బా ఖాళీ.