‘వాన్ పలియకట్టా’ అంటే తెలుగువాళ్లేనా?

సూళ్లూరుపేట_కుర్రోడు: డచ్ ఈస్టిండియా కంపెనీ 1652లో దక్షిణాఫ్రికా కేప్‌లో దిగింది. 1808లో బానిసల దిగుమతి ఆగేదాకా దాదాపు 63,000 మందిని తెచ్చారని, అందులో నాలుగోవంతు ఇండియా వాళ్లేనని చరిత్రకారుడు రాబర్ట్ షెల్ అంచనా. కాగితాల్లో బానిస పేరు చివర వాన్ బెంగాలెన్, వాన్ మలబార్, వాన్ పలియకట్టా అని ఉంటుంది. డచ్‌లో ‘వాన్’ అంటే ‘ఫలానా చోటి నుంచి’ అని. పలియకట్టా అంటే పులికాట్, మన ప్రళయకావేరి! వీళ్లని తెలుగువాళ్లుగా రాసుకుంటే తప్పేంటి?

పాతకాగితం: తప్పే. పులికాట్ వాళ్లు ఓడెక్కిన రేవు, అంతవరకే. 1690 దాకా కోరమాండల్‌లో, అంటే ఆంధ్ర-తమిళ తూర్పు తీరంలో, డచ్ వాళ్ల ప్రధాన స్థావరం అక్కడి గెల్డ్రియా కోటే. కరువొస్తే దళారులు లోపలి ఊళ్ల నుంచి జనాన్ని తోలుకొచ్చి రేవుల్లో అమ్మేవాళ్లు. రైలు టికెట్ మీద విజయవాడ అని ఉంటే ఎక్కినవాడిది విజయవాడే అవుతుందా?

సూళ్లూరుపేట_కుర్రోడు: మరి కేప్‌కి తెచ్చిన గ్రూట్ కాట్రైన్ అనే ఆమె సంగతో? కతరినా వాన్ పలియకట్టా అనే కదా రాశారు?

పాతకాగితం: రాశారు. బటావియాలో (ఇప్పటి జకార్తా) ప్రియుణ్ణి చంపిందని మరణశిక్ష వేశారు, తర్వాత దాన్ని ప్రవాసంగా మార్చి 1657లో కేప్‌కి పంపారు. కోర్టు కేసు వల్లే ఆమె గురించి ఇంత తెలిసింది. అందులోనూ ఆమె ఇంటిభాష ఏ గుమాస్తాకీ పట్టలేదు.

జీన్స్_పిచ్చి: ఆమె కొడుకు క్రిస్టోఫెల్ స్నైమాన్. అక్కడి స్నైమాన్ వంశానికి మూలపురుషుడు. వాళ్లు డీఎన్ఏ టెస్ట్ చేయించుకుంటే సరిపోదా అంటారేమో, సరిపోదు. తల్లి నుంచే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ కూతుళ్ల ద్వారానే దిగుతుంది, కొడుకు దగ్గర ఆ దారి మూసుకుపోయింది. మిగతా డీఎన్ఏలో పది పన్నెండు తరాల తర్వాత ఏదైనా ముక్క మిగిలినా, ‘దక్షిణ భారతం’ దాకా చెప్పొచ్చేమో గానీ తెలుగో తమిళమో తేల్చదు.

సూళ్లూరుపేట_కుర్రోడు: అయితే వదిలేయమంటారా? కేప్‌లో ముస్లింలందర్నీ ‘మలయ్’ అనేసి ఇండియా ఊసే లేకుండా చేశారు. మనమూ నోరు మూసుకుంటే ఎలా?

పాతకాగితం: వదిలేయమనలేదు. అమ్మకపు దస్తావేజులు చూడండి. అమ్మినవాడు, కొన్నవాడు, వయసు, ధర ఉంటాయి. పేరుని నమ్మొద్దు, అది యజమాని పెట్టింది: టైటస్, క్యుపిడో, లేదంటే ఏదో ఒక నెల పేరు. అమ్మినవాడు ఏ ఓడలో, ఎక్కణ్ణుంచి వచ్చాడో పట్టుకోండి. మధ్యలో బటావియాలో చేతులు మారితే మాత్రం ‘కోరమాండల్’ దగ్గర ఆగిపోండి.

సూళ్లూరుపేట_కుర్రోడు: నేను కోరమాండల్ అని ఆగితే చెన్నై వాళ్లొచ్చి తమిళులని రాసుకుంటారు. వాళ్లతోనూ ఇలాగే వాదిస్తారా?

పాతకాగితం: పోయినవారం వాదించా. గ్రూప్‌లోంచి తీసేశారు.