అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో జట్టు మారే ఆటగాడి బేరం ఎలా సాగుతుంది?

వంశధార, పర్లాకిమిడి
మా వైపు వాలీబాల్ జట్లలో ఆటగాడి బేరమంతా నోటిమాట మీదే. ఇంత ఇస్తామంటారు, టోర్నమెంటు అయ్యాక సగం చేతిలో పెడతారు. లేదంటే బయానా పుచ్చుకున్న కుర్రాడు మర్నాటికి పక్క ఊరి జట్టులో తేలతాడు. వచ్చే సీజన్‌కి కాగితం రాసుకుందామనుకుంటున్నాం. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇదే పని కోట్లలో నడుస్తోంది కదా. అక్కడ ముందు నోరు విప్పేదెవరు, రేటు కట్టేదెవరు, కాగితంలో ఏం రాస్తారు, ఎక్కడ చెడుతుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

నాగావళి, రాయగడ
ముందుగా, డబ్బు రెండు సంచుల్లోంచి వస్తుంది. ఒకటి కాలేజీ సొంత సంచి. 2025 జూన్‌లో హౌస్ కేసు (ఆటగాళ్లు తమకూ డబ్బు రావాలని వేసిన దావా) రాజీకి కోర్టు ఒప్పుకున్నాక, జూలై 1 నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా ఇవ్వొచ్చు. 2025–26కి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఇది ఒక్క ఫుట్‌బాల్‌కి కాదు, కాలేజీలోని అన్ని ఆటలకీ కలిపి. పెద్ద ఫుట్‌బాల్ కాలేజీల్లో చాలావరకు ఇందులో ముప్పాతిక ఫుట్‌బాల్‌కే పోతుంది. దాన్ని 105 మంది దాకా ఉండే జట్టులో పంచాలి.

రెండోది బయటి సంచి. ఆటగాడి పేరు, బొమ్మ వాడుకున్నందుకు (దీన్నే ఎన్‌ఐఎల్ అంటారు) కంపెనీలు, అభిమాన దాతల సంఘాలు ఇచ్చేది. 2021 జూలై నుంచి ఇది నడుస్తోంది. ఇప్పుడు 600 డాలర్లు, ఆపైన ఉన్న ప్రతి ఒప్పందాన్నీ ఎన్‌ఐఎల్ గో అనే వ్యవస్థలో చూపించాలి. నిజమైన వ్యాపార పని ఉందా, ఆ పనికి ఆ ధర తగునా అని అక్కడ చూస్తారు.

ఇక రేటు. చాలా జట్లలో ఇప్పుడు జనరల్ మేనేజర్ ఉంటాడు. ఏ స్థానానికి బడ్జెట్‌లో ఎంత అన్నది ముందే గీసుకుంటాడు. బంతి విసురుతూ ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌కి పెద్ద వాటా. తర్వాత అతన్ని కాచే లెఫ్ట్ టాకిల్‌కి, ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీద పడే ఎడ్జ్ రషర్‌కి. ఆటగాడి ఏజెంటు ఒక అంకె చెబుతాడు, మేనేజర్ తన గీత చూసుకుని బదులిస్తాడు. మన పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టి బేరమాడినట్టే ఉంటుంది. పక్క కాలేజీ ఎంత అందో మేనేజర్‌కి కనబడదు. వినబడేదల్లా ఏజెంటు మాటే. అందుకే లేని బేరాన్ని ఉన్నట్టు చెప్పడం అక్కడ పెద్ద జబ్బు.

మహేంద్రగిరి, గుణుపురం
నాగావళి గారు చెప్పినదానికి వరస కలుపుతాను. ఆటగాడు ముందు తన కాలేజీకి రాతపూర్వకంగా చెప్పాలి. వాళ్లు రెండు పనిదినాల్లో అతని పేరు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో, అంటే జట్టు మారాలనుకునేవాళ్ల ఆన్‌లైన్ జాబితాలో, ఎక్కించాలి. ఆ తర్వాతే మిగతా కోచ్‌లు మాట్లాడొచ్చు. ముందే మాట్లాడితే అది తప్పు. అయినా ఏజెంట్ల ద్వారా కబుర్లు ముందే తిరుగుతుంటాయి. ఇదివరకు శీతాకాలంలో ఒకసారి, వసంతంలో ఒకసారి తలుపు తెరిచేవారు. 2026లో జనవరి 2–16 ఒక్కటే. పేరు ఎక్కించమని అడగాల్సింది ఆ పదిహేను రోజుల్లోనే. సంతకం తర్వాతైనా చేయొచ్చు గానీ, కాలేజీకి వెళ్లి చూడటం, బేరం అన్నీ హడావిడిగానే సాగుతాయి. తొందరే సగం తప్పులకు మూలం.

2025 వసంతంలో టెన్నెసీ కాలేజీ క్వార్టర్‌బ్యాక్ నికో ఇయామలియావా విషయం చూడండి. జీతం పెంపు మాట సాగుతుండగా ప్రాక్టీసుకి రాలేదు, కాలేజీ అతన్ని వదులుకుంది, కాలిఫోర్నియాలోని యూసీఎల్‌ఏ కాలేజీకి వెళ్లాడు. సీజన్‌కి ఎంత దగ్గరైతే అంతగా ఇతర జట్ల బడ్జెట్లు ఖర్చయిపోయి ఉంటాయి. అప్పుడు ఎక్కువ అడిగే బలం తగ్గుతుంది.

నోటిమాట సంగతికి లాస్ వేగస్‌లోని యూఎన్‌ఎల్‌వీ కాలేజీ క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్లూకాను చూడాలి. 2024 సెప్టెంబరులో యూఎన్‌ఎల్‌వీ మూడు మ్యాచ్‌లు గెలిచాక అతను ఆట ఆపేశాడు. ఒక సహాయ కోచ్ లక్ష డాలర్లు ఇస్తామన్నాడని ఏజెంటు అన్నాడు. అలాంటి ఒప్పందమేదీ లేదని కాలేజీ వైపువాళ్లు అన్నారు. కాగితం లేదు. అంతే.

రుషికుల్య, బరంపురం
కాగితంలో నేనైతే ముందు చూసేది అంకె కాదు, ఆ అంకెలో ఏది కాలేజీ బాకీ, ఏది బయటివాళ్లది అన్నది. 'మొత్తం 8 లక్షలు' అన్నారనుకోండి. అందులో 5 కాలేజీవి, 3 బయటివి అయితే, ఆ 3 ఎన్‌ఐఎల్ గోలో ఒప్పుకోకుండా ఆపేయొచ్చు. అప్పుడు ఆ లోటు కాలేజీ పూడుస్తుందా? రాసి లేకపోతే పూడ్చదు. చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే.

తర్వాత వాయిదాలు. సాధారణంగా నెలనెలా ఇస్తారు, ముందే కట్టగా ఇవ్వరు. గాయమైతే ఆగుతుందా, చదువులో అర్హత పోతే ఆగుతుందా, కోచ్ మారితే ఏమవుతుందో చదవాలి. ఇంకొకటి బయటకు పోయే రుసుము: ఒప్పందం మధ్యలో వేరే కాలేజీకి పోతే కట్టాల్సిన సొమ్ము. కొన్ని కాలేజీలు దీని మీద కోర్టుకెక్కాయి కూడా.

పన్ను కోత ఎక్కువమంది మరిచిపోతారు. ఈ ఒప్పందాల్లో సాధారణంగా ఆటగాడు ఉద్యోగి కాదు, పన్ను ముందే పట్టుకోరు. మూడు నెలలకోసారి తనే కట్టుకోవాలి. టెక్సస్, ఫ్లోరిడా, టెన్నెసీలో రాష్ట్ర ఆదాయపన్ను లేదు, కాలిఫోర్నియాలో ఉంది. ఒకే అంకె రెండు చోట్లా ఒకటి కాదు. దీని మీద ఏజెంటు కమీషన్. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆటగాళ్ల సంఘం 3 శాతం దాటనివ్వదు. కాలేజీలో దేశమంతటికీ అలాంటి గీత లేదు.

వంశధార, పర్లాకిమిడి
చాలా ఉపయోగపడింది అన్నా. మా కాగితంలోనూ 'మధ్యలో పోతే రెట్టింపు కట్టాలి' అని రాయొచ్చా?

రుషికుల్య, బరంపురం
రెట్టింపు రాసినా కోర్టు అంతా ఇప్పించదు తమ్ముడూ. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, రాసిన అంకె దాటకుండా, సబబైన పరిహారమే వస్తుంది. బయానా, దారి ఖర్చు, బదులు ఆటగాడికి పెట్టింది లెక్కగట్టి ఆ అంకె రాయండి. ముందు కుర్రాడి వయసు చూడండి. 18 నిండకపోతే అతని సంతకం చెల్లదు. డబ్బిచ్చేది కమిటీయా, దాతయా అన్నది పేరుతో సహా రాసి, ఇచ్చే తేదీలు పక్కనే వేయండి. ఇద్దరి దగ్గరా చెరో ప్రతి ఉండాలి.