లాస్ వేగాస్ ఫ్లెమింగో: పాత హోటలంటున్నారు, పాతది ఏమైనా మిగిలిందా?

భీమవరం మాస్టారు:
వచ్చే నెల మేమిద్దరం అబ్బాయి దగ్గరికి వెళ్తున్నామండి. వేగాస్‌లో ఫ్లెమింగోలో రెండు రాత్రులకి రూమ్ తీశాడు. "1946 నాటిది నాన్నా, నీకు పాతవంటే ఇష్టం కదా" అన్నాడు. మా ఆవిడేమో సంక్రాంతి బరుల దగ్గర గుండాట కనిపిస్తేనే తల తిప్పుకునే మనిషి. జూదం కొంపలో పడుకోవడమేంటని రెండు రోజులుగా ఒకటే గోల. ఆడకుండా చూసేవి ఏమున్నాయి?

రాజోలు బాబాయ్:
మాస్టారూ, అబ్బాయి చెప్పిన ఏడాది కరెక్టే, గోడలు మాత్రం అప్పటివి కావు. పాత కట్టడాల్లో చివరిది 1993లో పడగొట్టేశారు.

కథ మాత్రం గట్టిదే. మాఫియా ముఠా మనిషి బగ్సీ సీగెల్ కట్టాడంటారు గానీ, పని మొదలుపెట్టింది హాలీవుడ్ పత్రికాయన బిల్లీ విల్కర్సన్, 1945లో. డబ్బు చాలక ఆయన చతికిలబడితే మాఫియా డబ్బుతో సీగెల్ దిగాడు. ఖర్చు 60 లక్షల డాలర్ల దాకా పోయింది. 1946 డిసెంబర్ 26న తెరిచారు, గదులు మాత్రం పూర్తవలేదు. వచ్చినవాళ్లు ఆడి, గెలిచి, పడుకోడానికి వేరే హోటళ్లకి పోయారు. గెలుచుకున్న డబ్బూ వాళ్లతోనే పోయింది! మూసేసి, 1947 మార్చిలో మళ్లీ తెరిచారు. ఆ జూన్ 20న బెవర్లీ హిల్స్‌లో సీగెల్‌ని కిటికీలోంచి కాల్చి చంపారు. ఎవరి పనో ఇప్పటికీ తేలలేదు. హోటల్ తోటలో సీగెల్ పేర ఒక ఫలకం ఉంటుంది.

అమ్మగారికి ఆ తోట చూపించండి. నిజం రాజహంసలు (ఫ్లెమింగోలంటే అవే), చిలీ జాతివి. టికెట్ లేదు. కాకపోతే ఎటు వెళ్లాలన్నా జూదం మెషీన్ల మధ్యనుంచే దారి, సిగరెట్ వాసనతో సహా.

అన్నట్టు, రూమ్ రేటు మీద రిసార్ట్ ఫీజని రోజుకింత వేస్తారు. తెలియక నేనొక హోటల్లో కౌంటర్ దగ్గర గొడవపడ్డాను. కట్టక తప్పలేదు.

ఉండి చెరువులు:
ఆ రాజహంసల గులాబీ రంగు పుట్టుకతో వచ్చేది కాదండి. పిల్లలు బూడిద రంగులో ఉంటాయి. నాచూ, చిన్న చిన్న రొయ్య జాతులూ తినగా తినగా వస్తుంది. మన వెనామీ రొయ్య ఉడికితే ఎర్రబడేదీ ఆ కోవ రంగుతోనే.

అసలు పాతది కావాలంటే వేగాస్‌లోనే పాత ఊరి వైపు ఫ్రీమాంట్ స్ట్రీట్ వెళ్లండి. అక్కడి గోల్డెన్ గేట్ హోటల్ 1906లో మొదలైంది. 1959 నుంచి 50 సెంట్లకే రొయ్యల కాక్‌టెయిల్ పెట్టేవారు, గ్లాసు నిండా రొయ్యలు, పైన ఎర్ర సాసు. నేను వెళ్లిందే అందుకు, తీరా చూస్తే ఎత్తేశారు. ఎల్ కార్టెజ్ హోటల్ 1941ది. బిళ్లలు వేసి ఆడే మెషీన్లు అక్కడ ఇంకా కొన్ని ఉన్నాయి. ఎవరికైనా తగిలితే ఇనప పళ్లెంలో జలజలా రాలతాయి. మిగతా చోట్ల కాగితం చీటీ ఒకటి బయటికొస్తుంది, అంతే.

భీమవరం మాస్టారు:
అంతా చదివి వినిపించానండి. రాజహంసల కోసం వస్తానంది. మెషీన్ల మధ్య మాత్రం కళ్లు మూసుకుని నడుస్తుందట, చెయ్యి నేను పట్టుకోవాలట.