హనుమంతుడి వేషం: గద, తోక, కిరీటం ఇంట్లోనే, 500 దాటకుండా అవుతుందా?

అరటిదవ్వ:
మా బాబుకి నాలుగున్నరేళ్ళు. ఎత్తు 102 సెం.మీ., తల చుట్టుకొలత 50 సెం.మీ. బళ్ళో ఫ్యాన్సీ డ్రెస్‌కి హనుమంతుడి వేషం వేయాలి, ఇంకా తొమ్మిది రోజులుంది. అద్దెకిచ్చే చోట 700, డిపాజిట్ వేరే. పైగా వాళ్ళ గద వాడు ఎత్తలేనంత బరువుంది. పంచె, ఉత్తరీయం పాత పట్టుచీర కొంగులోంచి వస్తాయి. నాకు తెలియనివి మూడు. ఒకటి గద: బెలూన్ మీద కాగితాలు అంటించమంటున్నారు, ఈ ముసురులో ఆరుతుందా? రెండు, వేలాడకుండా నిలబడే తోక. మూడు, కళ్ళ మీదకి జారని కిరీటం. గ్లూ గన్ను లేదు, కొనక తప్పదా?

అట్టముక్క:
గద సంగతి నేను చెప్తానండి. ముందు బెలూన్ మానేయండి. ఎండ బాగా కాసే రోజుల్లో అయితే సరే. ముసురులో ఒక్కో పొర ఆరడానికి రోజున్నర పడుతుంది, ఈలోగా బెలూన్‌లో గాలి తగ్గిపోతుంది. లోపల బెలూన్ కుంచించుకుపోతే తడి కాగితం దానితోపాటే సొట్టపోతుంది. త్వరగా ఆరాలని హెయిర్ డ్రయ్యర్ పెడితే గాలి వ్యాకోచించి టప్‌మని పేలుతుంది. ఆ రెండూ లేకుండా బండి మీద అమ్మే పల్చటి ప్లాస్టిక్ బంతి కొనండి, 15 నుంచి 18 సెం.మీ. అడ్డకొలత చాలు. అది లోపలే ఉండిపోతుంది కాబట్టి అయిదు పొరలు వేయాల్సిన చోట మూడు సరిపోతాయి.

బంక: ఒక గ్లాసు మైదాని ఒక గ్లాసు చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, మరుగుతున్న మూడు గ్లాసుల నీళ్ళలో పోస్తూ తిప్పండి. తెల్లటి రంగు పోయి గంజిలా నిగనిగలాడితే దించేయాలి. చల్లారాక రెండు చెంచాల ఫెవికాల్ కలపండి. పోస్టర్లు అంటించేవాళ్ళు పురుగు పట్టకుండా మైలుతుత్తం వేస్తారు. అది విషం, పిల్లలు పట్టుకునే వస్తువులో వద్దే వద్దు. మిగిలిన బంక ఫ్రిజ్‌లో పెట్టుకోండి, బయట ఉంటే మర్నాటికే పులిసి కంపు కొడుతుంది.

మొదటి రెండు పొరలు న్యూస్‌పేపరు, మూడోది తెల్ల కాగితం. తెల్లది ఎందుకంటే బంగారు రంగు పల్చగా ఉంటుంది, కిందున్న అక్షరాలు కనిపించేస్తాయి. ఒక పొర పూర్తిగా ఆరాకే రెండోది. చెంపకి ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే.

పిడికి 20 మి.మీ. కరెంటు పైపు 45 సెం.మీ. తీసుకోండి. లేదా బట్టల కొట్టు వాళ్ళని అడిగితే తాను చుట్టే సన్న అట్ట గొట్టం ఊరికే ఇస్తారు. మూడు పొరలూ ఆరాకే బంతికి కింద, పైన కన్నాలు పెట్టాలి. ముందే పెడితే గాలి పోయి బంతి నలిగిపోతుంది. పైపు బంతిలోంచి దూరి పైన రెండు సెం.మీ. బయటకు రావాలి. అక్కడ పైపుకి అటూ ఇటూ కన్నం చేసి ఆరు సెం.మీ. వెదురు పుల్ల అడ్డంగా దూర్చండి. గద ఊడేది దాదాపు ఎప్పుడూ ఇక్కడే: కింద ఒక్కచోటే అతికిస్తారు, పిల్లాడు నాలుగుసార్లు తిప్పేసరికి తల గిరగిరా తిరిగి చేతికొచ్చేస్తుంది. పుల్లని అట్ట శంకుతో కప్పేయండి, గదకి మొన కూడా వచ్చేస్తుంది. కింది కన్నం చుట్టూ బంక కాగితం రెండు పొరలు.

ఇక గదలా కనిపించాలంటే గీతలుండాలి. పురికొసని ఫెవికాల్‌లో ముంచి మొన దగ్గర్నుంచి పిడి దాకా నిలువుగా ఎనిమిది వరసలు అంటించండి. స్టేజీ కింద నుంచి చూసేవాళ్ళకి కుందన్లూ చమ్కీలూ ఏమీ ఆనవు, ఈ ఎత్తుపల్లాలే ఆనతాయి. ముందు పసుపు పోస్టర్ కలర్ ఒక పూత, ఆ పైన బంగారు అక్రిలిక్ ఒక్క పూత చాలు. పసుపు లేకుండా నేరుగా వేస్తే మూడు పూతలు తాగుతుంది, చిన్న సీసా చాలదు. స్ప్రే పెయింటు జోలికి పోకండి. ఎక్కడైనా థర్మోకోల్ వాడి ఉంటే అందులోని ద్రావకం దాన్ని కరిగించి గుంటలు పెడుతుంది.

కుట్టుమిషను:
తోకకి అందరూ చేసే తప్పు ఒకటే. ఒక తీగ వంచి నడుముకి కట్టేస్తారు, అది రెండు నిమిషాల్లో పక్కకి తిరిగి తొడ మీద వేలాడుతుంది. తీగ బలం చాలకో, గుడ్డ బరువెక్కువయ్యో కాదు. తోక మొదలు దగ్గర వీపుకి ఆనే పలక లేకపోవడం వల్ల.

14 గేజి జి.ఐ. తీగ (జింకు పూత వేసిన ఇనుప తీగ, సుమారు 2 మి.మీ.) 3 మీటర్లు, హార్డ్‌వేర్ కొట్లో తూకానికి ఇస్తారు. దాన్ని సగానికి మడవండి. మడత దగ్గర్నుంచి మీటరు పొడవున రెండు పోగుల్నీ తాడులా మెలిపెట్టండి. మడత తోక చివర అవుతుంది కాబట్టి అక్కడ గుచ్చుకునే మొనే ఉండదు. మిగిలిన రెండు కాళ్ళని చెరోవైపు వంచి 15 సెం.మీ. ఎత్తు, 10 సెం.మీ. వెడల్పు చట్రంలా కలపండి, ఇదే పలక. తెగిన కొసలు రెంటినీ వెనక్కి మడిచి, టేపు మూడు చుట్లు చుట్టి, మొత్తం చట్రాన్ని అట్టతో సహా గుడ్డ సంచిలో పెట్టి కుట్టేయండి. వీపుకి ఆనే వైపు ఒక పొర స్పాంజి.

ఇప్పుడు పట్టీలు. తోక బరువుకి పలక పై అంచు వీపు నుంచి విడిపోయి వెనక్కి వాలుతుంది. నడుము పట్టీ కింది అంచుకి కుడితే ఎంత బిగించినా లాభం లేదు. 7 సెం.మీ. వెడల్పు ఎలాస్టిక్ పలక పై అంచుకి రావాలి, ముందు వెల్క్రో. దానికి తోడు భుజాల మీదుగా రెండు సన్న పట్టీలు ఛాతీ మీద ఇంటూ ఆకారంలో కలిస్తే ఇక కదలదు. ఉత్తరీయం కింద అవి కనపడవు కూడా.

తీగకి దూది చుట్టకండి, బరువు, చెమటకి ముద్దవుతుంది. రెండంగుళాల స్పాంజి పట్టీని జడలా ఏటవాలుగా చుట్టి, పాత గోధుమరంగు లెగ్గింగ్ కాలు తొడగండి. ఒక కాలు చాలకపోతే రెండో దాన్ని అతుకు వేయండి. కొసకి ఉన్ని కుచ్చు. వంపు చాలా ముఖ్యం: పలక నుంచి బయటికి వచ్చి పైకి లేచి, కొస మళ్ళీ వీపు వైపు తిరగాలి. కొస వెనక్కి పోయినకొద్దీ పిల్లాణ్ణి వెనక్కి లాగుతుంది. భుజం ఎత్తు దాటనీయకండి.

పట్టుచీర కొంగు కత్తిరించొద్దండీ. ఎలాస్టిక్ వేసిన పాత పైజమా మీద కుచ్చిళ్ళు పెట్టి నాలుగు టాకాలు వేస్తే చాలు, తర్వాత విప్పుకోవచ్చు. బాత్రూముకి తీసుకెళ్ళేటప్పుడు దీని విలువ తెలుస్తుంది.

అరటిదవ్వ:
బంతి మీద మొదటి పొర వేశానండి. ఆరాక చూస్తే అంతా ముడతలు. బంక పల్చనైందా?

అట్టముక్క:
బంక కాదు, ముక్కలు వెడల్పుగా ఉన్నాయి. చదునైన కాగితం గుండ్రటి దాని మీద కూర్చోవాలంటే అంగుళం వెడల్పు మించకూడదు, పొడవు నాలుగంగుళాలు చాలు. కత్తెర వాడకుండా చేత్తో చింపండి. చిరుగు అంచు పల్చగా ఉండి కింది పొరలో కలిసిపోతుంది, కత్తిరించిన అంచు గట్టులా నిలబడుతుంది. న్యూస్‌పేపరు ఒక వైపు చింపితే తిన్నగా వస్తుంది, ఇంకో వైపు వంకరలు పోతుంది. తిన్నగా వచ్చే వైపే చింపుకోండి. ఇప్పుడు వచ్చిన ముడతల్ని 80 నంబరు ఉప్పుకాగితంతో కాస్త రుద్ది పైపొర వేసేయండి, పోతాయి.

శుభలేఖలపెట్టె:
కిరీటానికి చార్టు కొనకండి, చెమటకి మెత్తబడి వాలిపోతుంది. ఇంట్లో పాత పెళ్ళి శుభలేఖలు ఉంటాయిగా? మందపాటి అట్ట, బంగారు అచ్చు, లక్ష్మీగణపతి బొమ్మలు అన్నీ వాటిలోనే ఉన్నాయి. మీకు నాలుగైదు చాలు. 42 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. ఎత్తు పట్టీ చేయండి. వెనక మిగిలే ఖాళీని సాగితే 8 సెం.మీ. అయ్యే ఎలాస్టిక్‌తో కలపండి. అట్టనే పూర్తిగా చుట్టేస్తే వదులైనా అవుతుంది, తలనొప్పైనా తెస్తుంది.

జారడానికి అసలు కారణం ముందు భాగం బరువు. ముందు ముక్క ఎత్తు 13 సెం.మీ. మించకుండా, రాళ్ళూ పూసలూ ముందే గుప్పించకుండా చూడండి. కూచిపూడి వేషాల నగలకి తేలికైన బూరుగు చెక్క వాడింది ఈ బరువు బాధకే కదా. లోపల నుదుటి దగ్గర వేలెడు వెడల్పు స్పాంజి అంటించి, చెవుల పైన రెండు టిక్‌టాక్ క్లిప్పులు లోపలి వైపు కుట్టండి. జుట్టు మరీ చిన్నదైతే క్లిప్పులు పట్టవు, గడ్డం కింద నుంచి సన్న ఎలాస్టిక్ తప్పదు.

గ్లూ గన్ను కొనక్కర్లేదు. ఫెవికాల్ రాసి బట్టల క్లిప్పులు పెట్టి రాత్రంతా వదిలేయండి. పిస్తా తొక్కలకి బంగారు రంగు వేస్తే భలే నగిషీ, అవీ ఫెవికాల్‌కే పట్టుకుంటాయి. కంకణాలకి టేపు చుట్ట లోపలి అట్ట గొట్టాలు వాడుకోవచ్చు.

పౌడరుడబ్బా:
మొహం గురించి ఎవరూ అనలేదు. గుళ్ళో స్వామికి పూసే సింధూరం పిల్లాడి మొహానికి రాయకండి. సంప్రదాయంగా అది సీసం ఆక్సైడ్, నోట్లోకి పోతే ప్రమాదం. పిల్లలు పెదాలు నాకుతూనే ఉంటారు. నీళ్ళతో కడిగితే పోయే ఫేస్ పెయింట్ నారింజ రంగు చిన్న డబ్బీ కొనండి. ముందురోజు మోచేతి మడతలో రూపాయి బిళ్ళంత రాసి రాత్రికి చూడండి, దద్దుర్లు వస్తే మానేయాలి. మాస్కు వద్దు, ఊపిరాడక మెట్ల దగ్గరే పీకేస్తారు. పై పెదవి మీద గోధుమరంగు పెన్సిల్‌తో ముక్కు కింద నుంచి బుగ్గల దాకా రెండు వంపు గీతలు, కింద చుక్కలు: మూతి వచ్చేసినట్టే.

బనీను పసుపుతో రంగేయాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. సబ్బు తగిలిన చోటల్లా పసుపు ఎర్రబడి మచ్చలు పడుతుంది. నారింజ రంగు పొడుగు చేతుల టీషర్టే మేలు.

అరటిదవ్వ:
చాలా థ్యాంక్సండి అందరికీ. తోకతో కుర్చీలో ఎలా కూర్చుంటాడు? వాడి వంతు పన్నెండోది.

కుట్టుమిషను:
కూర్చోలేడండి. అందుకే వెల్క్రో పెట్టమన్నది. భుజం పట్టీల కొసలకి కూడా వెల్క్రోనే పెట్టండి. తోక, గద సంచిలో ఉంచుకుని పదో పేరు పిలిచినప్పుడు తొడగండి. కూర్చోబెట్టాక తొడిగితే పట్టీ మెలిపడుతుంది, నిలబెట్టి తొడగండి. ఆ సంచిలో రెండు పిన్నీసులు, చిన్న టేపు చుట్ట, తడి గుడ్డ.