"నుంచి" అంటే సిన్సా, ఫరా?

నాగావళి_గట్టు:
శ్రీకాకుళంలో పదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెబుతున్నాను. "రెండేళ్ల నుంచి ఇక్కడ చదువుతున్నాను" అని ఇస్తే అందరూ "ఐ యామ్ స్టడీయింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" అనే రాస్తున్నారు. మొదలైన సమయానికి (పాయింట్ ఆఫ్ టైమ్) సిన్స్, గడిచిన కాలానికి (పీరియడ్ ఆఫ్ టైమ్) ఫర్ అని గడగడా అప్పజెబుతారు, రాసేటప్పుడు మళ్లీ సిన్సే. తెలుగుతోనే పట్టుకునే కిటుకేదైనా ఉందా? బారో, లెండ్ కూడా తారుమారు చేస్తున్నారు.

వంశధార:
పిల్లల తప్పేం లేదు మాస్టారూ, మన "నుంచి" రెండు పనులూ చేస్తుంది. దాన్ని తీసేసి "గా" తగిలించమనండి. రెండేళ్లుగా, చాలా కాలంగా: అతికాయి, కాబట్టి ఫర్. సోమవారంగా, సంక్రాంతిగా, చిన్నప్పటిగా: అతకవు, అక్కడ సిన్స్.

అసలు చిక్కు గడియారం దగ్గర. ఆమదాలవలస స్టేషన్లో ఒకాయన "మూడు గంటల నుంచి చూస్తున్నా" అన్నాడనుకోండి. మూడింటికి వచ్చాడా, వచ్చి మూడు గంటలైందా? వాచీ చూస్తే గానీ తెలీదు. తెలుగులో సర్దుకుపోతాం, ఇంగ్లీషు ఊరుకోదు. మూడింటికి వచ్చుంటే "సిన్స్ త్రీ ఓక్లాక్", మూడు గంటలు గడిచుంటే "ఫర్ త్రీ అవర్స్". ముందు "మూడింటి నుంచి"దా, "మూడు గంటలుగా"దా అని తెలుగులో తేల్చుకున్నాకే పెన్ను కదపాలి.

సిన్స్ కొట్టేసి ఫర్ పెడితే సగం తప్పు అలాగే మిగులుతుంది. "యామ్ స్టడీయింగ్" కూడా పోవాలి. ఎప్పుడో మొదలై ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి "హావ్ బీన్ స్టడీయింగ్". ఇదీ మన "చదువుతున్నాను" పుణ్యమే.

బొబ్బిలి_కోట:
"గా" కిటుకు భేష్, కానీ ఒక చోట దెబ్బతింటుంది. "వచ్చే సోమవారం నుంచి పరీక్షలు." ఇక్కడా "గా" అతకదు, అయినా సిన్స్ రాదు. ఇంకా మొదలవనిదానికి సిన్స్ పనికిరాదు, "ఫ్రమ్ నెక్స్ట్ మండే" అనాలి.

బారో, లెండ్ సంగతి: మనకి అప్పు అనే మాట ఒకటే, ఇవ్వడమూ తీసుకోవడమూ పక్కనున్న క్రియ చూసుకుంటుంది. ఇంగ్లీషులో దేని మాట దానిదే. ఇచ్చేవాడు లెండ్, పుచ్చుకునేవాడు బారో. అడిగేటప్పుడు వాక్యం ఎవరితో మొదలైందో చూస్తే చాలు: "కెన్ యూ లెండ్ మీ యువర్ సైకిల్", "కెన్ ఐ బారో యువర్ సైకిల్". "కెన్ యూ బారో మీ" అంటే ఇచ్చేవాడి చేత పుచ్చుకునే పని చేయించినట్టు. కిరాణా కొట్లో అరువు ఈ రెండింటిలోనూ పడదు, అది "ఆన్ క్రెడిట్".

నాగావళి_గట్టు:
మరి "పెళ్లైన దగ్గర్నుంచి" సంగతేటి?

వంశధార:
జరిగిపోయినదాని వెనక "దగ్గర్నుంచి" వచ్చిందంటే కళ్లు మూసుకుని సిన్స్ పెట్టేయండి: "సిన్స్ షీ గాట్ మ్యారీడ్". పెళ్లై పదేళ్లైనా అక్కడ ఫర్ రాదు. ఆ పదేళ్లని లెక్కగా చెప్పాలనుకుంటే మాత్రం "ఫర్ టెన్ ఇయర్స్".