అబ్బాస్ దిగజారాడా? మీరేమంటారు?

రాయగడ కుర్రాడు:
మా వాట్సాప్ గ్రూపులో అబ్బాస్ గురించి పెద్ద గొడవైంది. 'ప్రేమదేశం' హీరో చివరికి హార్పిక్ యాడ్లు, సీరియళ్లు చేసుకుని, న్యూజిలాండ్ వెళ్లి పెట్రోల్ బంకులో పనిచేశాడట, ఇంతకన్నా పతనం ఏముందని ఒకాయన రాశాడు. నాకు ఒళ్లు మండింది. ఇక్కడి పెద్దలు ఏమంటారు?

బరంపురం బావ:
పతనమే తమ్ముడూ. 1996లో ఆ క్రేజ్ నువ్వు చూడలేదు. సెలూన్లో కూర్చుని 'అబ్బాస్ కటింగ్' అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. సినిమాలో వినీత్ ఉన్నాడు, టబు ఉంది, రెహమాన్ పాటలున్నాయి. అయినా కాలేజీ కుర్రాళ్లు తయారైంది అబ్బాస్‌లాగే. అలాంటివాడు మూడేళ్లకే 'నరసింహ'లో రజనీకాంత్ కూతుర్ని ప్రేమించే కుర్రాడి వేషం వేశాడు. 'చెలి'లో మాధవన్ హీరో, ఇతనేమో రీమాసేన్‌కు కుదిరిన పెళ్లికొడుకు. హీరో స్థానాన్ని తనే వదిలేసుకున్నాడు. కాస్త ఓపిక పట్టి కథలు ఎంచుకోవాల్సింది.

గుణుపురం టీచర్:
బావగారూ, ఎంచుకోవడానికి ఆ కథలు అతని దగ్గరికి వచ్చాయా అన్నది కూడా చూడాలి కదా. అతను పుట్టింది హౌరాలో. పరాయి భాషలో నిలబడాల్సి వచ్చింది. 'ప్రేమదేశం' తమిళంలో అతనికి గొంతు ఇచ్చింది విక్రమ్. జనం ఎగబడింది ఆ మొహానికి, ఆ జుట్టుకి. పరిశ్రమ కూడా అదే వాడుకుంది. ఇరవై ఏళ్లు దాటిన కుర్రాడికి అంత పేరు ఒక్కసారిగా వచ్చిపడితే, అది మొహానికి వచ్చిందా నటనకి వచ్చిందా అని విడదీసి చెప్పేవాళ్లు పక్కన ఎవరుంటారు?

అయినా చిన్న వేషం వేస్తే దిగజారినట్టేనా? 2000లో వచ్చిన 'ప్రియురాలు పిలిచింది' మళ్లీ చూడండి. కవిత్వం చెప్పి ఐశ్వర్యారాయ్ మనసు దోచుకుంటాడు. తన ఫైనాన్స్ కంపెనీ మునిగేసరికి డబ్బున్న పెళ్లికి తలూపుతాడు. అంత బలహీనుడిగా కనిపించడానికి స్టార్లు ఒప్పుకోరు. ఈయన ఒప్పుకున్నాడు, బాగా చేశాడు కూడా. నా లెక్కలో అతని మంచి పాత్ర అదే.

ఇక ఆ యాడ్. బాత్రూమ్ కడగడం గురించి మాట్లాడితేనే పరువు పోతుందంటే, ఇంట్లో రోజూ అది కడిగే మా ఆడవాళ్ల పరువు మాటేమిటి? ఈ ఒక్క మాటకి నాకు నిజంగా బాధ కలుగుతుంది. పెట్రోల్ బంకు సంగతీ అంతే. మన ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి ఎంతమంది సూరత్ పవర్‌లూమ్‌ల మీద బతుకుతున్నారు! వాళ్లు పతనమయ్యారని ఎవరైనా అంటే మీరు ఊరుకుంటారా?

సిరోంచ నుంచి:
సీరియళ్లంటే చిన్నచూపు ఎందుకండీ? అబ్బాస్ చేసినవి తమిళ సీరియళ్లు అనుకోండి. కానీ మాది మహారాష్ట్ర, మా వైపు పిల్లలు బడిలో మరాఠీ చదువుతారు. సాయంత్రం టీవీలో వచ్చే తెలుగు వల్లే మా ఇంట్లో భాష ఇంకా మిగిలింది. ఆ పనికి వచ్చినవాళ్లని తక్కువ చేసి మాట్లాడితే నేను ఒప్పుకోను.

బరంపురం బావ:
టీచరుగారూ, సూరత్ వెళ్లేవాడికి ఇక్కడ పని లేదు. అతనికి ఉంది. నా బాధ బంకు గురించి కాదమ్మా, ఒక నటుడు చేజారిపోయాడని.

గుణుపురం టీచర్:
ఉంది అని మనం అనుకుంటున్నాం. బంకులో, మెకానిక్ షెడ్డులో చేశానని 2023లో ఇంటర్వ్యూల్లో తనే చెప్పాడు. సిగ్గుపడే పనైతే దాచుకునేవాడు. ఓపిక పట్టాల్సింది అన్నారు, సరే. పెళ్లాం పిల్లలున్న మనిషి ఓపిక పట్టినన్నాళ్లూ ఆ ఇల్లు ఎలా గడవాలి?

బరంపురం బావ:
దానికి నా దగ్గర జవాబు లేదు. 'నరసింహ' వేషం ఒప్పుకోకుండా ఉండాల్సిందన్న మాట మాత్రం మార్చుకోను.